మూత లోపల

2003 వేసవిలో రూప తన గేమ్ మిషన్‌ను మూడోసారి తెచ్చి డానియేలు బల్ల మీద పెట్టింది.

"డిస్క్ తిరుగుతది గానీ బొమ్మ రాదన్నా. బోర్లా పెడితేనే ఆడుతది."

మాదన్నపేటలో ఆమెది గేమ్ పార్లర్. సంతోష్‌నగర్‌లో ఈ మిషన్లు బాగుచేసేది మొన్నటిదాకా డానియేలు ఒక్కడే. ఇప్పటికే రెండుసార్లు డిస్క్ చదివే లెన్స్ మార్చాడు. మిషన్ మొండికేసింది.

అతనికి పని నేర్పినవాళ్లు లేరు. పాత మిషన్లు విప్పి చూసి నేర్చుకున్నాడు. కొన్నింటి మూత లోపల పెన్సిల్‌తో తేదీ, పక్కన చిన్న పతంగి బొమ్మ ఉండేవి. ఎవరో మెకానిక్ పెట్టుకున్న గుర్తు. ఆ చేతి పని చూసే డానియేలు టంకం పెట్టడం నేర్చుకున్నాడు. ఆ ఉస్తాద్‌ను ఒక్కసారి చూపించమని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థించేవాడు.

"రెండు దినాలాగు చెల్లె."

రూప ఆగలేదు. ఎదురుగా మెట్ల కింద కొత్తగా బల్ల వేసుకున్న మొగులయ్యకు ఇచ్చింది.

అరవై ఏళ్ల మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు. లెన్స్ జరిగే ప్లాస్టిక్ పట్టీ అరిగి, లెన్స్ ఒక పక్కకు వాలిందని పట్టేశాడు. దాని కింద పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క పెట్టాడు. అరగంటలో బొమ్మ వచ్చింది.

డానియేలుకు కడుపు మండిపోయింది.

"నీ టంకం చూసి మెచ్చుకున్నడన్నా పెద్దాయన," అంది రూప మర్నాడు. "ఈ పిలగానికి ఎవరు నేర్పిన్రు అని అడిగిండు."

వెక్కిరించాడనుకున్నాడు డానియేలు.

వారం తిరిగేసరికి గిరాకీ అంతా మెట్ల కిందికి మళ్లింది. డానియేలుకు అన్నం సయించడం లేదు. ముసలాయన నవ్వి పలకరించినా ఒళ్లు మండేది.

చివరికి వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పసాగాడు.

"ఆయన తాన ఇయ్యకుండ్రి. మంచి లెన్స్ తీసుకొని పాతది ఏస్తడు."

అది అబద్ధమని అతనికి తెలుసు.

మాట పేటంతా పాకింది. నలుగురు పోయి మొగులయ్యతో లొల్లి పెట్టుకున్నారు.

"ఇప్పి చూసుకోండ్రి బిడ్డా," అన్నాడు ఆయన.

మర్నాడు మెట్ల కింద బల్ల లేదు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

డానియేలు ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

సాయంత్రం రూప మిషన్ పట్టుకొని వచ్చింది.

"మళ్ల ఖరాబైందా?" ఆశగా అడిగాడు.

"లేదన్నా, మస్తు ఆడుతున్నది. నువ్వన్న మాటకే ఫికరైంది. లెన్స్ మార్చిండో ఏమో, జెర ఇప్పి చూడు."

విప్పక తప్పలేదు. మరలు తీసి మూత ఎత్తాడు. తాను వేసిన కొత్త లెన్స్ అక్కడే ఉంది.

"ఉన్నదా అన్నా?"

డానియేలు చేతిలోని మూతను తిరగేశాడు.

లోపల పెన్సిల్‌తో ఈ మిషన్ బాగైన రోజు తేదీ, పక్కన చిన్న పతంగి.