మన మనిషి

“మళ్ళీ తిప్పి పంపారు, దెలే వాళ్ళ నాన్నా,” అంటూ అయోకా కాగితాల కట్టను భోజనాల బల్ల మీద పెట్టింది.

ఒలాసెని అకారా వడను పళ్ళెంలో వదిలి, భార్య భుజం మీద చెయ్యి వేశాడు. “పంపక ఏం చేస్తారు? నువ్వు ఏ మంత్రి చెల్లెలివి? ఏ బిషప్ మేనకోడలివి? ఈ ఇబాదాన్‌లో అచ్చయ్యేది పుస్తకం కాదే పిచ్చిదానా, చుట్టరికం.”

మూడు నవలలు, పదకొండేళ్ళు. ఆమె రాసిన ప్రతి పేజీనీ మొదట చదివేది ఆయనే. విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించే ఆ మనిషి ప్రతిసారీ ఈ మాటే చెప్పేవాడు. తన రాతలో లోపం లేదని నమ్మడానికి ఆమెకు వేరే ఆధారం లేదు. ఇంకొక్కసారి ప్రయత్నిస్తాననీ, అప్పుడూ కాదంటే ఇక కలం ముట్టననీ ఆమె నిశ్చయించుకుంది.

“అయితే దెలే వాళ్ళ నాన్నా, మనమూ ఒక పెద్దమనిషిని పట్టుకుందాం. ఊరి పెద్ద చీఫ్ గారి భార్య చర్చిలో నా పక్కనే పాడుతుంది.”

“ఛీ! సిఫారసు కార్డు కోసం గుమ్మాలెక్కుతావా? మన ఇంటా వంటా లేదు.”

అయినా ఆమె ఎక్కింది. చీఫ్ తన కార్డు వెనక పచ్చసిరాతో రాశాడు: ‘ఈమె మన మనిషి. పని చేసిపెట్టు.’ ఆ ఊళ్ళో ఉద్యోగమైనా, ఆసుపత్రిలో మంచమైనా కదిలేది ఆ పచ్చటి అక్షరాలకే.

ప్రచురణ సంస్థలో సంపాదకురాలు ఎబున్, ముప్పయ్యేళ్ళ పిల్ల, కార్డును రెండు వేళ్ళతో ఎత్తి చూసింది.

“ఇదెందుకు తెచ్చారాంటీ?”

“చదవకుండా తిప్పి పంపుతుంటే ఇంకేం తెమ్మంటావు? మేకపోతునా?”

“చదవకుండానా? మూడూ రెండేసిసార్లు చదివాను. మూడూ వెయ్యాల్సిందేనని రాశాను.”

అయోకా కుర్చీ ముందుకు జరుపుకుంది. “మరి?”

“బయటి పరీక్షకుడు చదివి ఒప్పుకుంటేనే మా డైరెక్టర్ అచ్చుకిస్తాడు. రచయిత పేరున్న కాగితం చించేసి మరీ ఆయనకి పంపుతాం. ఆయనెవరో మీకు చెప్పకూడదు. కానీ ఈ కార్డు చూస్తే నన్ను చెంపదెబ్బ కొట్టినట్టుంది. ఇవిగో, చదువుకోండి.”

సొరుగులోంచి మూడు నివేదికలు బల్ల మీదికి వచ్చాయి. అయోకా మొదటి దానిని పైకే చదివింది.

“‘ఈ రచయిత్రికి ప్రతిభ లేదు. ఆశ పెట్టడం క్రూరత్వం.’” ఆమె తలెత్తింది. “పేరు చించేసి పంపితే, రాసింది ఆడదని ఆయనకెలా తెలిసిందమ్మాయ్?”

ఎబున్ వంగి ఆ వాక్యం మళ్ళీ చూసింది. “అయ్యో. అది నాకు తట్టనేలేదాంటీ.”

అయోకా కాగితం తిప్పింది.

సంతకం దెలే వాళ్ళ నాన్నది.