మీసం లేని సంతకం

“మీరు మీరు కాదంటోంది సార్,” అన్నాడు ఫణీంద్ర, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా.

రాజనర్సయ్య కుర్చీలోంచి సగం లేచాడు. “నేను నేను గాక ఇంకెవలు? సనత్‌నగర్‌ల డ్రైనేజీ మూతలు పోత పోసే రాజనర్సయ్యను. ఏ గల్లీల ఏ మూతనడిగినా చెప్తది.”

“మూతలు చెబితే చెల్లదండి. కెమెరా చెప్పాలి.”

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు వచ్చే దారిలో, కంప్యూటరు కోర్సుల బోర్డుల వెనక నక్కిన మూడో అంతస్తు గది అది. కంప్యూటర్లో పెట్టే సంతకాలు పుట్టేది అక్కడే, ఫణీంద్ర చేతుల మీదుగా. టెండరంటే ఇప్పుడు కాయితం మీద గీకి కవరులో పడేసే పని కాదు మరి. కంప్యూటర్లోనే సంతకం చేయాలి. ఆ సంతకం చేతికి రావాలంటే ముందు కెమెరా ఎదుట కూర్చుని కళ్ళార్పాలి, తల అటూ ఇటూ తిప్పాలి, పాన్ కార్డులో ఉన్న మనిషి తానేనని దాన్ని ఒప్పించాలి. మూతల టెండరు గడువు ఇవాళ సాయంత్రం ఐదింటి దాకే. అది దాటితే ఈ ఏడాదికి కొలిమి చల్లారినట్టే.

చిక్కెక్కడంటే, కార్డులో ఉన్నవాడికి కాకి గూడు పెట్టుకునేంత జుట్టు, నిమ్మకాయ నిలబెట్టేంత మీసం. కుర్చీలో ఉన్నవాడు ఆ రెండింటినీ నిన్ననే యాదగిరిగుట్టలో స్వామికి అప్పజెప్పి వచ్చాడు. ఆ నున్నటి గుండు మీద ట్యూబులైటు పడుతుంటే కెమెరాకే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

“టెండరు వచ్చినంక గదా బాపు మొక్కు తీర్చేది,” వెనక నిలబడ్డ కొడుకు నరేశ్ విసుక్కున్నాడు. “ముందుగాలనే ఎవలన్న గుండు గీయించుకుంటరా?”

“టెండరుకు ముందు ధరావతు కడ్తలేమా? గిది సుత గట్లనే. పనైనంక ఇస్త అంటే దేవునితోని ఉద్దెర బేరం చేసినట్టుంటది.”

“అయితే సంతకం నా పేరు మీద తీద్దాం. నువ్వొక్క కాయితం రాసిస్తే షాపుకు నేను పెట్టొచ్చట. పది నిమిషాల పని.”

అదిగో, ఆ మాటంటేనే రాజనర్సయ్యకు కంట్లో కారం పడ్డట్టుంటుంది. కొలిమి రాజేసిన నాటి నుంచి ఆ షాపులో మారనిది ఏదైనా ఉందంటే ఆయన సంతకమొక్కటే.

“నా ఊపిరుండంగనే గుంజుకుంటవారా? నేను పోయినంక పెట్టుకో. కడుపు నిండ పెట్టుకో.”

“నేను గుంజుకుంటలే బాపు. గడియారం గుంజుతుంది.”

రాజనర్సయ్య సాక్ష్యం కోసం ఇంటికి ఫోన్ కొట్టి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. “స్వరాజ్యం, నేను నేనే అని గీ సారుకు జర చెప్పు.”

“ఏమని చెప్పాలె?” అంది భార్య. “నిన్న గుట్టకెళ్ళి వచ్చి తలుపు కొడితే, ఎవలు కావాలె అని నేనే అడిగిన.”

రాజనర్సయ్య ఫోన్ కట్ చేసి జేబులో పడేశాడు.

పక్క సీటులో పనిచేసే సుమశ్రీకి జాలేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి కాటుక పెన్సిలు తీసి, “కదలకండి అంకుల్,” అంటూ పులి సైతం పక్కకు తప్పుకునేంత మీసం దిద్దింది. పదిమంది పనివాళ్ళకు కూడు పెట్టే పెద్దమనిషి, అన్నప్రాశన నాటి పిల్లాడిలా మూతి ముందుకు పెట్టి కూర్చున్నాడు. కెమెరా తాపీగా చూసింది. ‘ముఖానికి అడ్డుగా ఉన్నది తొలగించండి’ అని రాసింది. రుమాలుతో తుడిస్తే మీసం కాస్తా చెవుల దాకా పాకింది.

“మీరే మీరని నాకు తెలుసండి,” ఫణీంద్ర గొంతు తగ్గించాడు. “కానీ నా చేతిలో ఏం లేదు. ఇంకొక్కసారి తప్పిందంటే రేపటి దాకా తాళం పడిపోద్ది. పోనీ మీ అబ్బాయి పేరు మీద మొదలుపెట్టమంటారా?”

రాజనర్సయ్య గడియారం వంక చూశాడు. కొడుకు వంక చూశాడు. “గిదొక్కసారి చూద్దాం బిడ్డా, ఒక్కసారి,” అన్నాడు. బతిమాలుతున్నది ఫణీంద్రనో, కెమెరానో, నరసింహస్వామినో ఆయనకే తెలియదు.

కూర్చున్నాడు. కళ్ళార్పాడు. తల తిప్పాడు. గుండు మీద లైటు మళ్ళీ భగ్గుమంది.

“ఆగు బాపు, కెమెరా జర కిందికి వంచుత,” అంటూ నరేశ్ తండ్రి భుజం మీంచి ముందుకు వంగాడు.

టింగుమంది. తెర పచ్చబడింది. ‘గుర్తింపు సరిపోయింది. రాజనర్సయ్య గారికి స్వాగతం.’

ఫణీంద్ర కార్డులోని ఫొటో చూశాడు, నరేశ్‌ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. షాపు పెట్టిన ఏడాది దిగిన ఫొటో. అదే జుట్టు, అదే ముక్కు, అదే మీసం.

“ఇప్పుడు కాదని వెనక్కి పోతే తాళమేనండి,” అని గొణిగాడు.

రాజనర్సయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. “ఎవన్ని చూసి ఒప్పుకుంటే ఏంది? పిలిచింది నా పేరే గదా. సంతకం నాదే గదా.” అని దర్జాగా మౌసు మీద చెయ్యి వేశాడు.

తెర ఎర్రబడింది.

‘రాజనర్సయ్య గారూ, మీ పక్కన ఎవరో అపరిచితులు కనిపిస్తున్నారు. మీ సంతకం భద్రత కోసం దయచేసి వారిని గదిలోంచి బయటికి పంపించండి.’