చూసిందే చెప్పింది

"భయపడకు పెంటమ్మా. వాళ్ల చేతులు కట్టేసే ఉన్నాయి," అన్నాడు మిలిటరీవాళ్ల మాట తెలుగులో చెప్పడానికి కోదాడ నుంచి వచ్చిన దుబాసీ.

పెంటమ్మ భయం వాళ్ల చేతుల గురించి కాదు, తన నోటి గురించి.

నిజాం లొంగిపోయి నెల కూడా కాలేదు. సూర్యాపేటలో మిలిటరీ క్యాంపు ముందు, ఎర్రటి ఎండలో పదకొండు మంది మగవాళ్లను వరసగా నిలబెట్టారు. వాళ్లలో రజాకార్లు ఎవరో ఆమె గుర్తుపట్టి చెప్పాలి.

రెండు నెలల కింద చివ్వెంల పక్కన పెంటమ్మ వాళ్ల పల్లెను రజాకార్లు తగలబెట్టారు. ఆమె అత్త జానమ్మ ఇంట్లోనే కాలిపోయింది. ముసలమ్మతో పాటు ఇంట్లో ఉన్న పెంటమ్మ నాలుగేళ్ల బిడ్డ మాత్రం, ఊళ్లో గొర్లు కాసే ఐలన్న దొడ్డిలో గొంగడి కప్పుకుని దొరికింది.

గొంగడి ఐలన్నది. కాపాడింది ఇంకెవరై ఉంటారు? అడుగుదామంటే ఆయన ఆ రోజే మందను తోలుకుని కోదాడ దాటి పోయాడు, ఇంకా తిరిగి రాలేదు. ప్రార్థనలో పెంటమ్మ మొదట తలిచేది ఆయన పేరే.

"సూసింది సెప్పు బిడ్డా. సూడంది సెప్పకు. గంతే," అన్నాడు ఊరి చర్చి సంఘపెద్ద యేసయ్య.

పక్కనే అదే పల్లె అచ్చయ్య పళ్లు నూరుతున్నాడు. అతని ఇల్లూ బుగ్గయింది, రెండెడ్లూ పోయాయి.

"అందర్నీ సూపెట్టు పెంటమ్మా! ఏరుడేంది?"

పెంటమ్మ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ నడిచింది. మూడో మనిషి దగ్గర అచ్చయ్య కేకేశాడు.

"గీడే! వీడే!"

"కాదన్నా. గీయన దర్జీ. ఆ పొద్దు నేను సూడలె."

"నువ్వు సూడకున్నా ఉండే ఉంటడు!"

"ఉండే ఉంటడని నేనెట్ల సెప్త? ఆయనకూ పిల్లలుంటరు."

జనం గొణిగారు. ఎవరో వెనక నుంచి తిట్టారు కూడా. అంతమంది ఎదుట ఒక కూలి మనిషి కాదనడమంటే మాటలా? అయినా ఆమె మాట మార్చలేదు. దర్జీ కట్లు విప్పారు. అతను ఏడ్చుకుంటూ ఇంటిదారి పట్టాడు.

చివరి మనిషి ముందుకొచ్చేసరికి పెంటమ్మ కాళ్లు ఆగిపోయాయి.

ఈ ముఖం చూసింది. ఆ రోజు పొలం నుంచి ఏడుస్తూ పరుగెత్తుకొస్తుంటే, మండుతున్న తన ఇంటి వెనక తలుపులోంచి పొగలో బయటపడింది ఈ ముఖమే. మరుక్షణమే పక్కవాళ్లు ఆమె రెక్క పట్టి జొన్నచేలోకి ఈడ్చుకుపోయారు.

అతనూ ఆమెను గుర్తుపట్టాడు. కొంచెం వంగి, మెల్లగా అడిగాడు.

"బిడ్డ మంచిగున్నదా అమ్మా?"

పెంటమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. వీడికి తన బిడ్డ సంగతి ఎట్లా తెలుసు? నోరు విప్పితే బిడ్డను వదలనని బెదిరిస్తున్నాడా?

"ఏమంటున్నాడు?" అన్నాడు దుబాసీ.

"ఏం లేదు."

ఆమె యేసయ్య వైపు చూసింది.

"సూసినవా?"

"సూసిన."

"మరి సెప్పు."

"గీయన... ఆ పొద్దు మంటలప్పుడు నా ఇంట్లకెల్లి బయటికొచ్చిండు."

మిలిటరీ ఆఫీసరు తన భాషలో ఏదో అన్నాడు. దుబాసీ అడిగాడు.

"ఆ రోజు ఆవిడ ఇంట్లోకి వెళ్లావా?"

"పోయిన సర్కార్. గని..."

"ఒప్పుకున్నడు! ఒప్పుకున్నడు!" అని అచ్చయ్య ఎగిరాడు. జనం అరుపుల్లో ఆ కట్టేసిన మనిషి తర్వాతి మాటలు ఎవరికీ వినబడలేదు. వినాలని అనుకున్నవాళ్లు కూడా ఎవరూ లేరు.

అతన్నీ, ఇంతకు ముందే ఇతరులు చూపించిన ముగ్గుర్నీ లారీ ఎక్కించారు. లారీ మిర్యాలగూడ వైపు కదిలేదాకా అతను పెంటమ్మనే చూస్తున్నాడు. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఎందుకట్ల వణుకుతున్నవ్? అబద్ధమాడినవా?" అన్నాడు యేసయ్య.

"లేదు."

"మరి భయమేంది?"

ఆమెకు తెలియలేదు. కాలిన చోటే మళ్లీ కప్పుకున్న ఇంటికొచ్చినా ఆ భయం పోలేదు. తలుపు గడియ పెట్టి, దానికి రోలు అడ్డం జరిపింది. బిడ్డను చంక దించలేదు. యేసయ్య వచ్చి వాక్యం చదివితే ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మూడో రోజు అచ్చయ్య కబురు తెచ్చాడు.

"దారిల జనం లారీని ఆపిండ్రంట. నలుగుర్నీ దించి కొట్టి సంపిండ్రంట. పీడ ఖతమయింది!"

ఇగ నా బిడ్డకు భయం లేదు అనుకుంది పెంటమ్మ. అట్లా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఆదివారం ప్రార్థన అయిపోయేసరికి ఐలన్న మందతో ఊళ్లోకి వస్తున్నాడు. పెంటమ్మ పరుగున వెళ్లి బిడ్డను ఆయన కాళ్ల ముందు నిలబెట్టి, తానూ వంగబోయింది.

"ఐలన్నా! దీని పానం నువ్వు పెట్టిందే!"

ఐలన్న గాభరాగా వెనక్కి జరిగాడు.

"అయ్యో, నాకెందుకు మొక్కుతవ్ చెల్లె? నేను గొంగడి కప్పి దొడ్ల పండబెట్టిన, గంతే."

"మరి ఇంట్లకెల్లి తెచ్చిందెవరు?"

"దూదేకుల సాయిబొకాయన. హాలియా దిక్కాయనట, పని కోసం ఊర్లు తిరుక్కుంట వచ్చిండు. పొగ సూసి నీ ఇంట్ల సొచ్చిండు, వెనక తలుపుకెల్లి బిడ్డను తెచ్చి నా చేతులల్ల పెట్టిండు, ముసలమ్మ ఇంకా లోపట్నే ఉన్నదని మల్ల మంటల్లకే ఉరికిండు."