టేపులో దీవెన

స్పెయిన్ నుంచి లీడ్స్ ఫ్లాట్‌కి తిరిగొచ్చిన రాత్రి ప్రసన్నలక్ష్మి, ఆమె భర్త విజయభాస్కర్ హ్యాండీక్యామ్‌ని టీవీకి తగిలించి కూర్చున్నారు. వాళ్ళు వెళ్ళింది సముద్రం ఒడ్డున ఓ నిద్రమొహం ఊరు. చీకటి పడ్డాక అక్కడ సరదా అంటే చర్చి ముందు బ్యాండు, దానికి అడుగులేసే నలుగురు ముసలివాళ్ళు, అంతే.

టీవీలో ఆ ముసలివాళ్ళ మధ్య తామిద్దరూ చేతులు పట్టుకుని తిరుగుతున్నారు.

"ఏమండీ, కెమెరా ఎవరికిచ్చారు?"

"నీ దగ్గరే ఉందనుకున్నా."

"నేను మీ పక్కనే ఉన్నాగా!"

కొత్త కెమెరాని పరాయి చేతికిచ్చే మనిషి కాదు భాస్కర్. అయినా బొమ్మ వాళ్ళెటు తిరిగితే అటే తిరుగుతోంది.

ఇంతలో టీవీలో భాస్కర్ తుమ్మాడు. కెమెరా వెనకనుంచి ఓ ముసలావిడ గొంతు, ఇంట్లో పిల్లాణ్ణి దీవించినట్టు ముద్దుగా అంది: "చిరంజీవ."

టేపు అయిపోయింది. తెర నీలంగా మారింది. హీటర్ టిక్కుటిక్కుమంటోంది తప్ప ఫ్లాట్‌లో మరో చప్పుడు లేదు.

భాస్కర్ ముక్కుపుటాలు అదిరాయి.

"వద్దండీ, తుమ్మకండి," అంది ప్రసన్న గుసగుసగా, రెండు చేతులతో అతని ముక్కు గట్టిగా మూసేస్తూ.