ఆపదలో పిలవవలసిన నంబరు

"లోపలున్నది మా ఆయనండీ, వెళ్ళనివ్వండి."

బ్యాగు లాక్కున్న దొంగ వెంటపడి, ఆయన మెట్ల మీంచి జారిపడ్డారు. పాస్‌పోర్టులు అందులోనే పోయాయి.

"భార్యనని రుజువేదీ?" అంది నర్సు ఇంగ్లీషులో.

"పరాయి ఊళ్ళో జాగ్రత్తగా ఉండాలని ఆయనే ఇద్దరికీ చెరో కార్డు రాశారు. ఆయన చొక్కా జేబులో చూడండి. ఆపదలో పిలవవలసింది నన్నే. అందులో ఉన్న నంబరు నొక్కితే ఈ ఫోనే మోగుతుంది."

నర్సు లోపలికెళ్ళి కార్డు తెచ్చి, ఆసుపత్రి ఫోన్లో ఆ నంబరు నొక్కింది. నా చేతిలో ఫోను మోగలేదు. స్పీకర్లో ఓ ఆడగొంతు తెలుగులో గుసగుసలాడింది.

"ఏమండీ! ఈ కొత్త నంబరేంటి? ఆవిడ పక్కన లేదా?"

నర్సుకు ఆ మాటలు అర్థం కాలేదు.

"మీకు కావలసినవాళ్ళేనా?" అంది.

"నాకు కాదు, ఆయనకి."