మిగిలిన అరగంట

ఎన్నికలయ్యాక కొత్త ప్రభుత్వం డయాలసిస్‌ను కూడా బజారుకు వదిలేసింది. ఉద్దానంలోని ఆ ఆసుపత్రిలో ప్రతి మంచం పక్కనా ఒక తెర వెలుగుతుంది. యంత్రం నడిచే నిమిషానికి ధర అందులో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కట్టిన డబ్బు అయిపోగానే యంత్రం రక్తాన్ని ఒంట్లోకి మర్యాదగా తిరిగి పంపి ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నం ధర ఒక్కసారిగా పెరిగి, లోహిదాసు యంత్రం సగంలోనే ఆగింది. అతని కాళ్లు అప్పటికే పొంగి ఉన్నాయి.

"గెలిచింది మీ పార్టీయే కదరా. ఇంటింటికీ తిరిగి ఓట్లడిగావు," అన్నాడు పక్క మంచం మీది ఉమాపతి మాస్టారు.

"సంస్కరణన్నాక మొదట్లో కష్టమే మాస్టారూ. ఉచితాలతోటే దేశం పాడైపోనాది."

"నేను కట్టినదాంట్లో ఇంకా అరగంట ఉంది, తీసుకో. ఈ వారం నా ఒంట్లో నీరు తక్కువే."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"ఊరికినే వద్దు. అదీ ఉచితమే కదేటి."

"అయితే కొనుక్కో. మీ పార్టీని ఒక్క తిట్టు తిట్టు, చాలు."

లోహిదాసు నోరు తెరిచాడు. జీవితమంతా ఆ జెండా మోసినవాడు. ఆయాసం పెరిగింది, పెదవులు నల్లబడ్డాయి, తిట్టు మాత్రం రాలేదు.

ఉమాపతికి భయం వేసింది.

"పోనీ, మా పార్టీని తిట్టరా," అన్నాడు.

లోహిదాసు ఊపిరి కూడదీసుకుని, ఓడిపోయిన ఆ పార్టీని తాతముత్తాతల దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఉమాపతి తన తెర మీద వేలు నొక్కాడు. పక్క యంత్రం కదిలింది, తనది ఆగింది. లోహిదాసు ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఉమాపతి కళ్లు మూసుకుని విన్నాడు.