చేరాల్సిన తేదీ

“మా వోడు ఎప్పుడూ సదివి ఇనిపించడు. నువ్వు సదువమ్మా,” అంది గంగాలమ్మ, గోడకు తగిలించిన ఆఫర్ లెటర్ చూపిస్తూ. లామినేషన్ మీద ఆవిడ పెట్టిన కుంకుమబొట్టు ఎండి పొలుసులుగా రాలుతోంది.

పక్కింటి దుర్గకి మర్నాడే ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. కంప్యూటర్స్ తీసుకోవచ్చా అని గంగాలమ్మ కొడుకు నాగబాబుని అడగడానికి వచ్చింది. జాలారిపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన మొదటివాడు అతనే మరి.

“దానికేటి పిన్నీ,” అంటూ దుర్గ లేచి చదవసాగింది. కంపెనీ పేరు, నాగబాబు పేరు చదివి, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గర ఆగిపోయింది. 2008 జూలై. ఆ తేదీ వెళ్లిపోయి ఏడాదైంది.

నాగబాబు తల వంచుకున్నాడు. మాంద్యం వచ్చి కంపెనీ ఆ ఉద్యోగాలు రద్దు చేసిన సంగతి అమ్మకి చెప్పలేదు. తేదీ ఇంకా రాలేదనే చెబుతూ వచ్చాడు. ఆ కాగితాన్ని దాచాల్సిన పని కూడా పడలేదు. అమ్మకి చదువు రాదు.

“ఏటమ్మా, ఆగిపోనావు?”

దుర్గ ఒక్కసారి అతనివైపు చూసింది. “ఈ ఇంగ్లీషు నాకు రాట్లేదు పిన్నీ.”

“ఇంటర్లో పేటకే ఫస్టొచ్చినావు, ఈపాటి రాదా? మరి ఇంజనీరింగేటి సదువుతావే?” గంగాలమ్మ నవ్వింది. తప్పు తనదే అన్నట్టు దుర్గ కూడా నవ్వింది.

ఆ నవ్వు నాగబాబు చూడలేకపోయాడు. లేచి, గోడ మీంచి లెటర్ తీసి దుర్గ చేతిలో పెట్టాడు.

“సీటు సంగతి తర్వాత సెప్తాను. ముందిది అమ్మకి సదువు. తేదీతో సహా.”